తొలి వసంతంలో మంచుకొండల మీద వన్యప్రాణులను చూపించే గైడ్ పని: బయలుదేరే వేళ, కూర్చునే చోటు, తిరుగుదారి

చలికాలం వెనకబట్టి, ఎండ తగిలే వాలుల మీద మంచు మధ్యన నల్లగా నేల తేలే ఆ కొద్ది వారాలే పర్వతాల్లో జంతువులను చూడటానికి మంచి కాలం. ఉత్తరార్ధగోళంలో, ఎత్తును బట్టి, ఇది మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. ఐబెక్స్, షామ్వా, భరల్ లాంటి గిట్టల జంతువులు (కొండల్లో తిరిగే మేక, గొర్రె తరహావి) మొదటి గడ్డిపరకల కోసం కిందికి దిగుతాయి. పొదలు ఇంకా ఆకు తొడగవు కాబట్టి చూపుకు అడ్డుండదు. ఎవరు ఎటు నడిచారో మంచు మీద రాసి ఉంటుంది.

చిక్కల్లా ఒకటే. జంతువులు దిగే నిటారు ఎండవాలుల మీది మంచే పొద్దెక్కాక అన్నిటికంటే ముందు జారుతుంది. ఆ వాలు మీద అడుగు పెట్టకుండా ఆ వాలు మీది జంతువును చూపించాలి, మంచు మెత్తబడేలోగా అందరినీ కిందికి చేర్చాలి. మిగతా పనంతా ఈ రెంటికీ లోబడే ఉంటుంది. ఇక్కడ చెప్పే దిక్కులు, నెలలు ఉత్తరార్ధగోళానివి. దక్షిణాన ఉన్నవారు తిరగేసుకోవాలి.

ముందు రోజు సాయంత్రం

వసంతపు మంచు రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతుంది. రాత్రి గట్టిపడుతుందా లేదా అన్నది థర్మామీటర్ ఒక్కటే చెప్పలేదు. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది. గాలి సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు పైన ఉన్నా సరే, తెల్లారేసరికి పైన గట్టి పెచ్చు కడుతుంది. మబ్బు కమ్మితే ఆ వేడి మబ్బుకు తగిలి వెనక్కి వస్తుంది. పెచ్చు పలచగా కట్టి కింద చిత్తడి అలాగే మిగులుతుంది. కాబట్టి వాతావరణ సూచనలో పగటి ఎండ కంటే ముందు రాత్రి మబ్బు చూడండి. తర్వాత ఎంత ఎత్తున ఉష్ణోగ్రత సున్నాకు దిగుతుందో చూడండి. రాత్రంతా మబ్బు అని ఉంటే నిటారు వాలుల కింద నుంచి వెళ్లే దారిని ఆ సాయంత్రమే కొట్టేయాలి. పొద్దున్న వెళ్లి చూసి తేల్చుకుందాం అనుకుంటే, మూడింటికి లేచి వచ్చిన గుంపును వెనక్కి తిప్పడానికి నోరు రాదు.

మంచుచరియల హెచ్చరిక ఉండే ప్రాంతమైతే అది చదవడం తప్పనిసరి. ఐరోపా, ఉత్తర అమెరికా పద్ధతిలో స్థాయిలు 1 నుంచి 5 దాకా ఉంటాయి. వసంతంలో చాలాచోట్ల ఉదయానికి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి చొప్పున రెండు స్థాయిలు ఇస్తారు; మధ్యాహ్నపు అంకె చూసే తిరుగు ప్రయాణం వేళ పెట్టుకోవాలి. 3 అంటే మధ్యస్థం అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మరణాల్లో పెద్ద వాటా ఆ స్థాయి రోజుల్లోనే ఉంటుంది, ఎందుకంటే 4, 5 రోజుల్లో జనం మామూలుగానే ఇంట్లో ఉంటారు.

ఇక వేళ లెక్క. చివరి నుంచి మొదటికి రావాలి. సూర్యోదయం 6:15కి అనుకుందాం. వెలుగు రాకముందే, 5:45కల్లా చూసే చోట కూర్చుని ఉండాలి. 500 మీటర్ల ఎక్కుడు ఉంటే, మామూలు గుంపు గంటకు 300 మీటర్లు ఎక్కుతుంది కాబట్టి గంటా నలభై నిమిషాలు. ఆగడానికి 20 నిమిషాలు, క్రాంపాన్లు (బూట్ల కింద కట్టే లోహపు ముళ్లు) కట్టుకోవడానికి 15. మొత్తం రెండుంపావు గంటలు, అంటే 3:30కి కదలాలి. క్రాంపాన్లకు 15 నిమిషాలు ఎందుకంటే చీకట్లో, చేతి తొడుగులతో, ఎవరో ఒకరి పట్టీ తప్పకుండా తిరగబడుతుంది. కింద వెచ్చటి చోటే ఒకసారి కట్టించి, కొలత సరిచేసి, విప్పించి తీసుకెళ్తే ఆ 15 నిమిషాలు సరిపోతాయి.

దిగడం మొదలుపెట్టే వేళ కూడా ఇప్పుడే అందరికీ చెప్పేయాలి. తూర్పు వాలులు ముందు మెత్తబడతాయి, తర్వాత దక్షిణం, ఆఖర్న పడమర. నిర్మలమైన రాత్రి తర్వాత, దారిలో ఎండ తగిలే నిటారు వాలు ఉంటే పదింటికల్లా దాటేసి ఉండటం మంచి నియమం. మబ్బు రాత్రి తర్వాత పదింటి దాకా కూడా ఆగకూడదు.

ఎక్కడ కూర్చోవాలి

ఎదుటి వాలు మీద. కొత్త గైడ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. జంతువు ఉన్న వాలునే ఎక్కి దగ్గరికి వెళ్లాలని చూస్తారు.

లోయ ఉత్తర దక్షిణాలుగా ఉందనుకోండి. పొద్దున్నే మేతకు వచ్చే జంతువులు తూర్పు ముఖం ఉన్న వాలు మీద ఉంటాయి, తొలి ఎండ పడేది అక్కడే. మీరు లోయకు ఇవతల, పడమర ముఖం ఉన్న వాలు మీద కూర్చోవాలి. సూర్యుడు మీ వీపు వెనక లేస్తాడు కాబట్టి ఎదుటి వాలు అంతా వెలుగులో విప్పినట్టు కనిపిస్తుంది, మీరు నీడలో ఉండిపోతారు. మీ కాళ్ల కింద మంచు ఆలస్యంగా కరుగుతుంది, దిగేటప్పుడు ఇంకా గట్టిగానే ఉంటుంది. మధ్యలో 400 నుంచి 1,000 మీటర్ల లోయ ఉంటే జంతువు మిమ్మల్ని చూసినా పట్టించుకోదు.

దీనికీ ఖర్చుంది. నీడలో మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి, అందుకే మనిషికొక ఫోమ్ చాప, మందపాటి కోటు అదనం. పెచ్చు గట్టిగా ఉంటుంది కాబట్టి జారితే ఆగడం కష్టం. క్రాంపాన్లు, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) ఇక్కడ అలంకారానికి కాదు.

లోయ తూర్పు పడమరలుగా ఉంటే మీ వైపు ఉత్తర ముఖం అవుతుంది. వెలుతురుకు మంచిదే. కానీ ఉత్తర ముఖాల మీద చలికాలపు పొడి మంచు ఇంకా ఉంటుంది, దాని లోపల బలహీనమైన పొర దాగి ఉండొచ్చు. ఆ ప్రమాదం గడియారాన్ని చూసి రాదు, తెల్లవారుజామున కూడా పలక పలకగా విరిగి జారగలదు. అలాంటి చోట 25 డిగ్రీలలోపు వాలున్న మిట్టలకే పరిమితం కావాలి. పలకగా జారే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల మీద పుడతాయి.

మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉన్నంత మాత్రాన సరిపోదు, పైనుంచి వచ్చేది కూడా చూసుకోవాలి. క్లినోమీటర్‌తో, లేదా ఫోన్‌లోని వాలు కొలిచే యాప్‌తో, మీ చోటు నుంచి పై వాలులో చరియ పుట్టగల అంచుకు కోణం కొలవండి. అది సుమారు 18 డిగ్రీలలోపు ఉంటే చరియ అంత దూరం రావడం అరుదు. 25, 30 చూపిస్తే అక్కడ బ్యాగు కూడా దించొద్దు. మంచు మీద కొత్తగా పడిన రాళ్లు, మట్టి చారలు ఉంటే రాళ్లు దొర్లే దారి అదే. శిఖరరేఖ మీద గాలికి ముందుకు పెరిగిన మంచు చూరు ఉంటే దాని అంచుకు వెళ్లకూడదు. అది మనం ఊహించేదానికంటే వెనక్కి విరుగుతుంది, కింద నేల ఉందనుకున్న చోటు కూడా వెంట పోతుంది.

గాలి సంగతి

గిట్టల జంతువులకు కళ్లూ ముక్కూ రెండూ చురుకే, కానీ వాసన తగిలితే క్షమించవు. కొండల్లో గాలికి రోజువారీ నడక ఉంది. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట కిందికి పారుతుంది. ఎండ తగిలి వాలు వేడెక్కాక అదే గాలి పైకి ఎక్కుతుంది. మధ్యలో అరగంట, గంట సేపు ఎటూ కాకుండా తిరుగుతుంది. తెల్లవారుజామున జంతువుకు దిగువన ఉంటే మీ వాసన దానికి చేరదు. పొద్దెక్కాక అదే చోటు మీ వాసనను నేరుగా దాని ముక్కుకు మోసుకెళ్తుంది.

అలాగని ఎండ వచ్చాక పైకి వెళ్లి చూడొచ్చా అంటే, వద్దు. ఐబెక్స్, షామ్వా, భరల్ ఆపదొస్తే పైకే, రాతి కొమ్ముల వైపే పారిపోతాయి. పైన మనిషి కనిపిస్తే వాటికి తప్పించుకునే దారే మూసుకుపోయినట్టు. లోతు మంచులోకి, పక్క వాలులోకి దూకుతాయి. గాలి పైకి పొమ్మంటుంది, జంతువు నడత పైకి రావద్దంటుంది. ఈ పేచీ ఎదుటి వాలు మీద ఉంటే అసలు రాదు.

గాలి చూడటానికి చిన్న మెత్తటి ప్లాస్టిక్ సీసాలో టాల్కం పొడి వేసుకుని, పావుగంటకోసారి నొక్కి చూస్తే చాలు. తడి వేలు పైకెత్తి చూసే పద్ధతి ఈ మెల్లటి గాలులకు పనికిరాదు.

అద్దాలు, వెతికే పద్ధతి

నడుస్తూ వాడటానికి 8x42 (8 రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. అద్దమున్న) బైనాక్యులర్ సరిపోతుంది. 10x42 దగ్గరగా చూపిస్తుంది కానీ ఎక్కి రొప్పుతున్న మనిషి చేతిలో వణుకుతుంది. ఆరుగురి గుంపుకు 20–60 రెట్ల స్పాటింగ్ స్కోప్ (చిన్న దూరదర్శిని) ఒకటి, దానికి గట్టి ట్రైపాడ్. తేలికని సన్న కాళ్ల ట్రైపాడ్ తెస్తే చిన్న గాలికే బొమ్మ ఊగిపోతుంది. కాళ్లు పూర్తిగా చాపకుండా, కూర్చుని చూసే ఎత్తులో పెట్టి, మధ్య కొక్కేనికి బ్యాగు వేలాడదీయండి.

స్కోప్‌ను ముందు 20 రెట్ల దగ్గరే ఉంచి జంతువును పట్టుకుని, తర్వాత పెంచాలి. ఎండ ముదిరాక మంచు, రాళ్ల మీది గాలి మరిగినట్టు కదులుతుంది. అప్పుడు 60కి పెంచితే బొచ్చు కాదు, కదిలే ముద్ద కనిపిస్తుంది. 25, 30 దగ్గర ఆపేయడమే మేలు. అద్దాలను కోటు లోపల పెట్టొద్దు, ఒంటి తేమ పట్టి బయటికి తీయగానే మసకబారుతాయి. బ్యాటరీలు మాత్రం కోటు లోపలే ఉండాలి.

ముందు ఉత్త కళ్లతో వాలంతా చూడాలి. కదిలేది అప్పుడే దొరుకుతుంది. తర్వాత బైనాక్యులర్‌తో ఎడమ నుంచి కుడికి, ఒక్కో చూపు చట్రంలో ఐదు పది సెకన్లు ఆగుతూ, వరసలు వరసలుగా. జంతువు మొత్తం ఆకారం కోసం వెతికితే దొరకదు. నిలువు బండల మధ్య అడ్డగీతలా ఉండే వీపు, కొమ్ము వంపు, తెల్లటి తుంటి, చుట్టూ మంచున్నా తన మీద మంచు లేని "రాయి" కోసం చూడాలి. నేల బయటపడ్డ చోట్ల అంచులే మేత దొరికేవి, ఎక్కువ సేపు అక్కడే గడపండి.

మీకు కనిపించింది పక్కవాళ్లకు చూపించడం వేరే విద్య. "అదిగో, ఆ బండ పక్కన" అంటే వాలు మీద వెయ్యి బండలు. అందరికీ తెలిసేలా ఒక పెద్ద గుర్తును ముందే ఒప్పుకుని, దాన్ని గడియారం నడుమగా పెట్టి చెప్పండి: "నల్ల కొమ్ము నుంచి రెండు గంటల దిక్కున, పిడికెడు దూరం." చేయి బారుగా చాస్తే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, ఒక వేలు సుమారు 2 డిగ్రీలు. 8x42లో ఒకసారికి కనిపించేది ఏడెనిమిది డిగ్రీలే కాబట్టి పిడికెడు అంటే ఒక చట్రం దాటి కొద్దిగా అని వాళ్లకు ముందే చెప్పాలి.

ఏం చూడాలి

ఆకాశంతో మొదలుపెట్టండి. గోల్డెన్ ఈగిల్ జంటలు ఈ కాలంలో తమ హద్దు చాటుకుంటూ పైకి లేచి, రెక్కలు ముడిచి పడి, మళ్లీ లేచి అలలుగా ఎగురుతాయి. తేలేటప్పుడు రెక్కలు కొద్దిగా పైకి లేచి ఉంటాయి. గడ్డపు రాబందు రెక్కలు చదునుగా, తోక కోసుగా ఉంటుంది. రెక్కల బార రెండున్నర మీటర్లు దాటుతుంది. అది ఎముకను ఎత్తు నుంచి బండల మీద జారవిడవడం చూస్తే ఆ బండను గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ అదే బండ వాడుతుంది. చలికాలం నడుమనే గుడ్లు పెడుతుంది కాబట్టి తొలి వసంతంలో గూట్లో పసికూన ఉంటుంది. తల్లిదండ్రులు లేచిపోతే ఆ చలికి కూన తట్టుకోలేదు. గూడున్న కొండ ముఖం కిందికి గుంపును తీసుకెళ్లడం పూర్తిగా మానుకోవాలి, ఎంత దూరమైనా స్కోప్‌తోనే.

తెల్లటి మంచు మీద మట్టి చల్లినట్టు విసనకర్ర ఆకారంలో మరక కనిపిస్తే మార్మట్ (చలికాలమంతా బొరియలో నిద్రపోయే ఉడుత జాతి జంతువు) నిద్ర లేచి సొరంగం తవ్వుకుని బయటికి వచ్చిందన్న మాట. అరగంట ఓపిక పడితే తల బయటపెడుతుంది. ఎలుగుబంట్లలో మగవి ముందు, కొత్త పిల్లలున్న తల్లులు ఆఖర్న గుహ వదులుతాయి. పెద్ద అడుగుల పక్కన చిన్న అడుగులు కనిపిస్తే వచ్చిన దారినే వెనక్కి. మంచు చిరుత తిరిగే కొండల్లో దాని కోసం కాదు, భరల్, ఐబెక్స్ మందల కోసం వెతకండి. మంద అంతా మేత ఆపి ఒకే దిక్కు చూస్తూ ఉంటే, ఆ చూపు ఎక్కడ ఆగిందో అక్కడ స్కోప్ పెట్టండి. బండ మీద పడుకున్న చిరుతను పట్టిచ్చేది చాలాసార్లు దాని పొడవాటి తోకే.

అడుగుల విషయంలో వసంతపు మంచు మోసం చేస్తుంది. ఎండకు అంచులు కరిగి నక్క అడుగు తోడేలు అడుగంత అవుతుంది. ఒక్క అడుగు చూసి పేరు పెట్టకుండా, నీడలో పడ్డ అడుగు దొరికేదాకా జాడ వెంట చూపు నడపాలి. వేళ కూడా తెలుస్తుంది: లోతుగా దిగి లోపలి గోడలు అద్దంలా గడ్డకట్టి ఉంటే నిన్న మధ్యాహ్నం, మంచు మెత్తగా ఉన్నప్పటిది. పెచ్చు మీద గోళ్ల గీతలు మాత్రమే ఉంటే రాత్రిదో ఈ తెల్లవారుజాముదో.

ఎంత దగ్గర అంటే ఎక్కువ దగ్గర

చలికాలం ముగిసేసరికి ఈ జంతువుల ఒంట్లో కొవ్వు అడుగంటి ఉంటుంది. ఆడవి చాలావరకు చూలుతో ఉంటాయి. ఐబెక్స్, భరల్, షామ్వా మే, జూన్ ప్రాంతంలో ఈనుతాయి. లోతు మంచులో ఒక్క పరుగు వాటికి రోజుల మేత ఖరీదు. మనిషికి ఫొటో పోయినట్టే కనిపించే ఆ పరుగు దానికి ప్రాణం మీదికి రావొచ్చు.

అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కు నియమం ప్రకారం ఎలుగుబంట్లు, తోడేళ్లు, కూగర్లకు (ప్యూమాలకు) 91 మీటర్లు, మిగతా పెద్ద జంతువులకు 23 మీటర్లు కనీస దూరం. అది రోడ్డు పక్కన మనుషులకు అలవాటు పడ్డ జంతువులున్న చోటి అంకె. మంచులో, మేత దొరకని కాలంలో, 23 మీటర్లు చాలా తక్కువ. గిట్టల జంతువులకు 200 మీటర్లకు తగ్గకుండా చూసుకోవడమే సముచితం. అంకె కంటే జంతువే బాగా చెబుతుంది. మేస్తున్నది తలెత్తి మీ వైపు చూస్తే ఆగండి. పడుకున్నది లేచి నిలబడితే, ముందరి కాలితో నేల తన్నితే, ఈల లాంటి హెచ్చరిక చేస్తే మీరు ఇప్పటికే హద్దు దాటారు. అందరూ ఒకేసారి, మెల్లగా, వచ్చిన దారినే వెనక్కి జరగాలి. ఒకరు "ఇంకొక్క ఫొటో" అని ఉండిపోతే వెనక్కి జరగడం వృథా.

ఈ కాలంలో రాలిన జింక కొమ్ములు ఏరుకోవాలన్న ఉత్సాహం గుంపుల్లో ఎప్పుడూ ఉంటుంది. చాలా ప్రాంతాల్లో దానిమీద నిషేధమో, అనుమతి నియమమో ఉంది. పైగా కొమ్ములు పడి ఉండేది జంతువులు చలికాలం తలదాచుకున్న చోటే. డ్రోన్లు, పక్షి కూతల రికార్డింగులు బ్యాగులోనే ఉండనివ్వండి.

దిగే వేళ గుర్తులు

పెట్టుకున్న వేళ కంటే ముందే మంచు చెప్పొచ్చు. బండల చుట్టూ మంచు ముందు వేడెక్కుతుంది. అక్కడి నుంచి చిన్న చిన్న ఉండలు చుట్టలు చుట్టుకుంటూ దొర్లడం మొదటి గుర్తు. బూటు చీలమండ దాకా దిగితే బయలుదేరాలి, పిక్క దాకా దిగితే ఆలస్యమైంది. పిడికిట్లో పిండితే నీళ్లు కారే మంచు కూడా అదే మాట చెబుతుంది. వాలు మీద నేల దాకా నోరు తెరిచిన అడ్డ పగుళ్లు ఉంటే వాటి కింద నుంచి ఏ వేళలోనూ నడవొద్దు. ఆ మంచు పొర నేల మీద మొత్తంగా జారుతుంది, ఎప్పుడన్నది ఎండతో లెక్కకు రాదు.

తప్పనిసరిగా దాటాల్సిన వాలు ఉంటే ఒక్కొక్కరుగా, మిగతావాళ్లు చూస్తూ ఉండగా, దాటిన మనిషి భద్రమైన చోటికి చేరాకే తర్వాతి మనిషి. వాగుల మీది మంచు వంతెనలు పొద్దున మోసినంత మాత్రాన మధ్యాహ్నం మోయవు. ఎక్కేటప్పుడే వాగు ఇరుకుగా, రాళ్లు బయటపడి ఉన్న ఇంకో చోటు చూసిపెట్టుకోవాలి.

మనుషుల సంగతి

ప్రతి ఒక్కరి దగ్గరా ట్రాన్స్‌సీవర్ (మంచు కింద పడ్డ మనిషిని వెతకడానికి సంకేతం పంపి, అందుకునే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార మూడూ ఉండాలి. రెండు ఉండి ఒకటి లేకపోతే లేనట్టే. బయలుదేరే చోట గైడ్ కొద్ది దూరంలో నిలబడి ఒక్కొక్కరి సంకేతం విని పంపాలి. ఫోన్, కెమెరా ట్రాన్స్‌సీవర్‌కు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, లేకపోతే సంకేతం చెడుతుంది. చరియ కింద పడ్డవారిని పది, పదిహేను నిమిషాల్లో తీయగలిగితేనే బతికే అవకాశం బాగుంటుంది, కాబట్టి బయటి సహాయం కోసం ఎదురుచూడటం ప్రణాళిక కాదు. ముందు పిలవండి, వెంటనే తవ్వండి.

ఎండ కళ్లద్దాలు 3 లేదా 4 శ్రేణివి (బాగా ముదురువి), పక్కల మూత ఉన్నవి. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. పలచటి మబ్బుంటే అద్దాలు తీసేసేవారు ఉంటారు. కళ్లు మండటం ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, రాత్రికి మొదలవుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచుల్లో కూడా సన్‌స్క్రీన్ రాయించండి.

ఎక్కేటప్పుడు కొద్దిగా చలేసేంత పలచగానే నడిపించాలి. చెమట పట్టిన చొక్కాతో నీడలో మూడు గంటలు కూర్చుంటే ఎంత మంచి కోటైనా కాపాడదు. చోటు చేరగానే, చలి తెలియకముందే, పొడి చొక్కా, కోటు వేయించండి. అరగంటకోసారి వేళ్లు ఆడించమనండి. మాట తడబడుతున్నా, వణుకు ఆగకున్నా ఆ రోజు చూడటం అంతటితో సరి. 3,000 మీటర్లకు పైన రోజుల తరబడి ఉండే ప్రయాణమైతే రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దు.

ఫోన్ అందని చోట సహాయం కోసం వాడే సంకేతం: నిమిషానికి ఆరుసార్లు ఈల లేదా లైటు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు. జవాబు నిమిషానికి మూడు. హెలికాప్టర్ వస్తే రెండు చేతులూ పైకి చాచి నిలబడటం "సహాయం కావాలి", ఒక చేయి పైకి, ఒకటి కిందికి ఏటవాలుగా పెట్టడం "అక్కర్లేదు". గుంపులో ఎవరూ సరదాకి చేయి ఊపకుండా ముందే చెప్పాలి.

కిందికి చేరాక పెచ్చు ఎన్నింటికి విరగడం మొదలైంది, ఏ వాలు ఎప్పుడు మెత్తబడింది, గాలి ఎన్నింటికి తిరిగింది అన్న మూడూ రాసుకోండి. మర్నాటి వేళ లెక్కకు సూచనల కంటే ఇవే ఎక్కువ పనికొస్తాయి. గూళ్లు, గుహల ఫొటోల్లో చోటు వివరాలు దాగి ఉంటాయి, వాటిని తీసేశాకే ఎవరికైనా పంపమని గుంపుకు చెప్పండి.